కాంటా తప్పితే మోసినోడిదా తప్పు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. ప్రతి ఏటా ఈ సంచికలో క్రమశిక్షణ గురించి, అంబేద్కర్ గారి జీవితం గురించి, ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలో అన్నలు ఎంతో చక్కగా రాస్తుంటారు. నాకు అంత రాయడం రాదు. నాకు తెలిసిన పని గురించి రాస్తాను. అది ప్రింటర్ల గురించి. నవ్వకండి మిత్రులారా, చివరిదాకా చదవండి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. ఆ సంగతి మన హాస్టల్లో ఒకరిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

నా వయసు 23 సంవత్సరాలు. మా నాయిన వ్యవసాయ మార్కెట్ యార్డులో హమాలీ. మా అమ్మ కైకిలి పోతుంది. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాణ్ణి నేనే, డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాణ్ణీ నేనే. 2013లో ఆరో తరగతిలో ఒక ట్రంకు పెట్టె, ఒక ప్లేటు, ఒక గ్లాసుతో హాస్టల్ గడప తొక్కాను. అప్పటి నుంచి ఎం.సి.ఏ. పూర్తయ్యేదాకా నేను తిన్న అన్నంలో ఎక్కువ భాగం హాస్టల్ అన్నమే. మన ఈ కాలేజీ హాస్టల్‌కు 2021లో వచ్చాను. డిగ్రీ, ఎం.సి.ఏ. రెండూ ఒకే కాలేజీలో చదివాను.

బయటివాళ్ళకు ప్రింటవుట్ అంటే ఒక కాగితం. మనకు మాత్రం అది చాలా పెద్ద విషయం. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపితే సరిపోదు, దాని ప్రింటు తీసి, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం జిరాక్సులు జతపరిచి కాలేజీలో ఇవ్వాలి. హాల్ టికెట్ ప్రింటు లేకపోతే పరీక్ష హాల్లోకి రానివ్వరు. ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు లేకపోతే మార్కులు లేవు. మా కాలేజీ ఎదురుగా ఉన్న షాపులో ఒక పేజీ ప్రింటుకు 5 రూపాయలు తీసుకునేవాళ్ళు. 40 పేజీల రిపోర్టు అంటే 200 రూపాయలు. ఇంటి నుంచి డబ్బులు వచ్చేవాళ్ళకు అదొక లెక్క కాదు. నెలాఖరులో సబ్బుముక్కను రెండుగా కోసుకుని వాడుకునేవాళ్ళకు అది లెక్కే.

కాలేజీలో ప్రింటర్ లేదా అంటే ఉంది. మాకు రెండు కంప్యూటర్ ల్యాబులు ఉండేవి. పై అంతస్తులో మొదటి ల్యాబు, 40 సిస్టమ్‌లు. కింద రెండో ల్యాబు, 30 సిస్టమ్‌లు. ప్రింటర్ మాత్రం ఒక్కటే, అది ల్యాబ్ ఇన్‌చార్జి సారు టేబుల్ మీద, ఆయన సిస్టమ్‌కు తీగతో కలిపి ఉండేది. ప్రింటు కావాలంటే ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆ గది గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఒక ప్రింటు" అని అడగాలి. ఒక పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంటే అది అందరి పెన్‌డ్రైవ్‌లలోకీ పాకేది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయేవి. అప్పుడు సారు విసుక్కునేవారు. ఆయన తప్పు కూడా లేదు, రోజుకు వంద మంది వస్తే ఎవరికైనా విసుగే.

డిగ్రీ రెండో సంవత్సరంలో నేను నా ఈపాస్ దరఖాస్తు పట్టుకుని మధ్యాహ్నం భోజనం బెల్లు నుంచి సాయంత్రం 4 గంటల దాకా ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాను. నా వెనక వచ్చినవాళ్ళు కొందరు లోపలికి వెళ్ళి తీసుకుని పోయారు. వాళ్ళకు సారుతో మాట్లాడే ధైర్యం ఉంది. నాకు లేదు. చివరికి సారు బ్యాగు సర్దుకుంటూ "రేపు రా" అన్నారు. ఆ రోజు నాకు బాధ కలిగించింది ఆలస్యం కాదు, అడగాల్సి రావడం. మన పిల్లలకు అడగడమే అన్నిటికంటే కష్టమైన పని. అన్నం ఇంకొంచెం కావాలని అడగడానికి కూడా ఆలోచిస్తాం.

అంతకుముందు ఆ ప్రింటర్‌ను ల్యాబులో అందరికీ షేర్ చేసే ప్రయత్నం జరగకపోలేదు. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, షేరింగ్ అన్నచోట టిక్కు పెట్టి ఒక పేరు ఇస్తే మిగతా సిస్టమ్‌ల నుంచి కూడా ప్రింటు ఇవ్వవచ్చు. కానీ దానికి సారు సిస్టమ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. సారు సెలవు పెడితే ప్రింటు కూడా సెలవే. పైగా 2021 వేసవిలో విండోస్ ప్రింట్ స్పూలర్‌లో "ప్రింట్‌నైట్‌మేర్" అనే పెద్ద లోపం బయటపడింది. దాని ద్వారా బయటివాళ్ళు సిస్టమ్‌ను పూర్తిగా స్వాధీనం చేసుకునే ప్రమాదం ఉండేది. మైక్రోసాఫ్ట్ వరుసగా అప్‌డేట్లు ఇచ్చింది. ఆగస్టు 10న వచ్చిన అప్‌డేట్ తర్వాత ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మినిస్ట్రేటర్ అధికారం తప్పనిసరి అయింది. సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత చాలాచోట్ల షేర్ చేసిన ప్రింటర్లు కలవకుండా, చివర 11బి అని ఉండే ఎర్రర్ రావడం మొదలైంది. మా దగ్గరా అదే జరిగింది. కొందరు ఆ అప్‌డేట్లనే తీసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చారు. అది తలుపు బిగుసుకుంటోందని తలుపే పీకేయడం లాంటిది. మా సారు షేరింగే తీసేశారు. మళ్ళీ గుమ్మం ముందు క్యూ.

2024 సెప్టెంబర్‌లో కాలేజీకి రెండు కొత్త లేజర్ ప్రింటర్లు వచ్చాయి. రెండింటికీ వెనక నెట్‌వర్క్ తీగ పెట్టుకునే చోటు ఉంది. అప్పుడు నేను ఎం.సి.ఏ. రెండో సంవత్సరం. మా హెచ్.ఓ.డి. సారు నన్ను పిలిచి, "నెట్‌వర్కింగ్‌లో నీకు మంచి మార్కులు వచ్చాయి కదా, రెండు ల్యాబుల్లోనూ పిల్లలు ఎవరినీ అడగకుండా ప్రింటు తీసుకునేట్టు చేయగలవా?" అన్నారు. "ఎవరినీ అడగకుండా" అన్న మాట విని నేను వెంటనే "చేస్తాను సార్" అన్నాను. ఎలా చేయాలో అప్పటికి పూర్తిగా తెలియదు.

ఇలాంటి పని రేపు మీరూ చేయాల్సి రావచ్చు కాబట్టి ఎలా చేశానో కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటిది అడ్రసు. నెట్‌వర్క్‌లో ప్రతి ప్రింటర్‌కూ ఒక ఐపీ అడ్రసు ఉంటుంది. దాన్ని రూటర్ ఇష్టానికి వదిలేస్తే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మారిపోవచ్చు. అప్పుడు సిస్టమ్‌లు పాత అడ్రసుకు ప్రింటు పంపుతూ ఉంటాయి, ఇల్లు మారినవాడికి పాత ఇంటికి ఉత్తరాలు వేసినట్టు. అందుకని పై ల్యాబు ప్రింటర్‌కు 192.168.1.201, కింద ల్యాబు ప్రింటర్‌కు 192.168.1.202 అని స్థిరంగా ఇచ్చాను. సిస్టమ్‌లకు కూడా కూర్చునే వరుస ప్రకారం ఇచ్చాను. పై ల్యాబు 11 నుంచి 50 దాకా, కింద ల్యాబు 61 నుంచి 90 దాకా. చివరి అంకె చూస్తే ఏ గదిలో ఏ సీటో తెలిసిపోతుంది.

రెండోది మధ్యలో ఒక లెక్కల గుమాస్తా. ప్రతి సిస్టమ్ నుంచి ప్రింటర్‌కు నేరుగా కూడా పంపవచ్చు. కానీ అప్పుడు ఎవరు ఎన్ని తీశారో లెక్క ఉండదు. లెక్క లేకపోతే నెలలో కాగితం అయిపోతుంది, మళ్ళీ తాళం పడుతుంది. అందుకని మూలన పడేసిన ఒక పాత సిస్టమ్‌లో ఉబుంటు లినక్స్ వేసి, దాంట్లో కప్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఇది ఉచితం. 1999లో మొదటిసారి విడుదలైంది. లినక్స్‌లోనూ, ఆపిల్ మ్యాక్‌లలోనూ ప్రింటు పని చూసేది ఇదే. రెండు ల్యాబుల ప్రింట్లూ మొదట దీని దగ్గరికి వస్తాయి, ఇది వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపుతుంది. పేజీల లెక్క రాయమని విడిగా చెబితే ఏ సిస్టమ్ నుంచి, ఏ ప్రింటర్‌కు, ఏ సమయానికి, ఎన్ని పేజీలు వెళ్ళాయో ఒక ఫైల్లో రాసిపెడుతుంది. అదే సెప్టెంబర్ నెలాఖరులో కప్స్‌తో పాటు వచ్చే కప్స్-బ్రౌజ్డ్ అనే భాగంలో కూడా లోపాలు బయటపడ్డాయి. బయటి నుంచి ఎవరు "నేనొక ప్రింటర్‌ని" అని చెప్పినా అది నమ్మేసేది. మాకు దాని అవసరం లేదు కాబట్టి దాన్ని పూర్తిగా ఆపేశాను. కొత్త సిస్టమ్ పెట్టేవాళ్ళు అవసరం లేని సేవలను ఆపేయడం అలవాటు చేసుకోవాలి.

మూడోది సిస్టమ్‌లు. 70 సిస్టమ్‌లలో ఒక్కోదానికీ డ్రైవర్ వేసుకుంటూ పోతే వారం పడుతుంది. అందుకని పై ల్యాబులో ఒక సిస్టమ్‌ను శుభ్రంగా తయారు చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా డ్రైవర్ వేసి, రెండు ప్రింటర్లూ కలిపి, క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ హార్డ్‌డిస్కు నకలు తీసి మిగతా అన్నిట్లోకీ దించాను. తర్వాత ఒక్కోదానికీ పేరు, అడ్రసు మార్చాను. రెండు రాత్రులు ల్యాబులోనే ఉన్నాను. వాచ్‌మన్ తాత టీ తెచ్చిచ్చాడు.

పని ముగించుకుని సద్దుల బతుకమ్మ నాటికి ఊరు చేరాను. నాయినకు ఈ సంగతంతా చెబితే శ్రద్ధగా విన్నాడు. "గదంత మా యార్డులెక్కనే ఉన్నది బిడ్డా" అన్నాడు. "బస్తా మీద మార్కు ఉండాలె. గా మార్కు సూసి ఏ కాంటా కాడ దించాల్నో మోసేటోనికి తెల్వాలె. మార్కు తప్పితే బస్తా అవతలి కాంటా మీదికి పోతది." నేను నవ్వి, "మావి కంప్యూటర్లు నాయినా, తప్పిపోవు" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

సెలవుల తర్వాత ముందుగా పై ల్యాబులో మొదలుపెట్టాం. నెల రోజులు ఏ ఇబ్బందీ రాలేదు. ఒక పేజీకి కాలేజీవాళ్ళు ఏమీ తీసుకోలేదు, సెమిస్టర్‌కు ఒక్కొక్కరికి ఇన్ని పేజీలు అని రిజిస్టరులో రాసుకున్నారు. గుమ్మం ముందు క్యూ పోయింది. హెచ్.ఓ.డి. సారు ఒక క్లాసులో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. నా జీవితంలో అందరి ముందు చప్పట్లు అదే మొదటిసారి. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నవంబర్‌లో కింద ల్యాబులో కూడా మొదలుపెట్టాలని నిర్ణయించారు. నేను వెళ్ళి మొదటి సీటు సిస్టమ్ ముందు కూర్చుని, ప్రింటర్ల జాబితాలో కింద ప్రింటర్‌ను ఎంచి, టెస్ట్ పేజీ ఇచ్చాను. చక్కగా వచ్చింది. "అన్నీ సిద్ధం సార్" అని చెప్పి వచ్చేశాను. ఒక్క సిస్టమ్ చూసి 30 సిస్టమ్‌లకూ మాట ఇచ్చాను.

మరునాడు సోమవారం. డిగ్రీ ఫైనలియర్ చదివే మన హాస్టల్ తమ్ముడు ఒకడు తన ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం కింద ల్యాబుకు వచ్చాడు. మర్నాడు సాయంత్రం 4 గంటలకు సబ్మిషన్. రిపోర్టు 42 పేజీలు. 14వ సీటులో కూర్చుని ప్రింటు నొక్కాడు. పక్కనే ఉన్న ప్రింటర్ కదల్లేదు. క్యూ తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. వెళ్ళలేదేమో అనుకుని మళ్ళీ నొక్కాడు. అలా ఆరుసార్లు నొక్కాడు. తర్వాత ప్రింటర్ పాడైందనుకుని వెళ్ళిపోయాడు.

ఆ ప్రింట్లన్నీ పై ల్యాబులో వచ్చాయి. ఆ పూట అక్కడ క్లాసు లేదు, గదికి తాళం ఉంది, ప్రింటర్ మాత్రం ఆన్‌లో ఉంది. మధ్యాహ్నం ఇన్‌చార్జి సారు తలుపు తీసేసరికి, ఉదయమే నింపిన 250 కాగితాల ట్రే ఖాళీ అయి లైటు వెలుగుతోంది. కాగితాలు కింద పడి ఉన్నాయి. ఐదు కాపీలు పూర్తిగా, ఆరోది 22 పేజీల దగ్గర ఆగి ఉంది. మొత్తం 232 పేజీలు. అట్ట పేజీ మీద ఆ తమ్ముడి పేరు, హాల్ టికెట్ నంబరు.

సారు అతన్ని పిలిపించారు. నేనూ అక్కడే ఉన్నాను. "ఫ్రీగా వస్తే చాలు, విలువ తెలియదురా మీకు" అన్నారు. పేజీకి 2 రూపాయల చొప్పున 464 రూపాయలు కడితేనే రిపోర్టు ఇస్తానన్నారు. ఆ తమ్ముడు "సార్, నేను కింద గదిలోనే ఇచ్చిన సార్" అని మెల్లగా అన్నాడు. "మరి ఇక్కడికి ఎట్ల వచ్చినయ్? నడుచుకుంటూ వచ్చినయా?" అని సారు గట్టిగా అడిగారు. అందరూ నవ్వారు.

నేను కింద పడ్డ కాగితాలు ఏరుతున్నాను. వాటిలో 18 పేజీల మీద వేరే పేర్లు ఉన్నాయి. నలుగురివి. నలుగురూ ఆ ఉదయం కింద ల్యాబులో కూర్చున్నవాళ్ళే. ఆ క్షణంలోనే నాకు మొత్తం అర్థమైపోయింది. పై ల్యాబులో తయారుచేసిన నకలునే నేను కిందికి కూడా దించాను. దాంట్లో డిఫాల్ట్ ప్రింటర్ పై ల్యాబుది. పేర్లు మార్చాను, అడ్రసులు మార్చాను, డిఫాల్ట్ మార్చడం మరిచిపోయాను. ఎవరు ప్రింటు నొక్కినా పైకే పోతుంది. పైన వెంటనే ప్రింటు అయిపోతుంది కాబట్టే క్యూ ఖాళీగా కనిపించింది. తప్పు పూర్తిగా నాదే.

నేను నోరు విప్పలేదు. నిజం రాస్తున్నాను మిత్రులారా, నేను నోరు విప్పలేదు. చప్పట్లు గుర్తొచ్చాయి. "నీకు మంచి సర్టిఫికెట్ రాసిస్తాను, ఉద్యోగానికి పనికొస్తుంది" అని హెచ్.ఓ.డి. సారు అన్న మాట గుర్తొచ్చింది. తర్వాత మెల్లగా సరిచేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఆ 18 కాగితాలు మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను. రెండేళ్ళ కింద గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లవాడు ఇప్పుడు గుమ్మం లోపల నిలబడి, బయటివాడు తిట్లు తింటుంటే చూస్తూ ఊరుకున్నాడు.

ఆ రాత్రి హాస్టల్లో కోడిగుడ్డు కూర. ఆ తమ్ముడు మెస్సుకు రాలేదు. వాడి గదికి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు. "అన్నా, నువ్వే పెట్టినవ్ కదా ప్రింటర్లు. నేను ఏడ తప్పు నొక్కిన్నో చెప్పన్నా, ఇంకోసారి అట్ల చెయ్య" అన్నాడు. వాడు నా మీద అనుమానపడి ఉంటే నాకు అంత బాధ అనిపించేది కాదు. వాడు తనదే తప్పనుకుంటున్నాడు. మనకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటే అది. మిషన్ పనిచేయకపోయినా, దరఖాస్తు పోయినా, ముందు మనదే తప్పనుకుంటాం.

నేను ఏదో సర్ది చెప్పి డాబా మీదికి వెళ్ళి నాయినకు ఫోన్ చేశాను.

"ఏం బిడ్డా, తిన్నవా?"

"తిన్న నాయినా."

"గొంతేంది గట్లున్నది?"

జరిగిందంతా చెప్పాను. నాయిన కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పాడు. నేను చిన్నగా ఉన్నప్పుడు యార్డులో రెండు బస్తాలు తక్కువ పడితే గుమాస్తా నాయిన మీద నెట్టి ఆ రోజు కూలి కోసేశాడట. సాయంత్రానికి ఆ రెండు బస్తాలు పక్క కాంటా కాడ దొరికాయి. మార్కు వేసింది గుమాస్తానే. కానీ అతను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాయిన కూలి తిరిగి ఇవ్వనూ లేదు. "పైసలు పోతే పోయినయ్. నల్గురిల దొంగలెక్క నిలబెట్టిండు. గదే ఇప్పటికీ మర్వలే" అన్నాడు.

"నాకు నీ మిషన్ల సంగతి తెల్వదు బిడ్డా. కాంటా తప్పుంటె మోసినోన్ని కొడ్తరా? గా కాంటా ఎవలది?"

"నాదే నాయినా."

"మరి నాతోటి చెప్తె ఏమొస్తది?"

ఫోన్ పెట్టేశాడు.

మరునాడు ఉదయం ల్యాబు తెరవగానే కప్స్ లాగ్ ఫైలు తెరిచి ముందు రోజు లెక్క ప్రింటు తీశాను. 192.168.1.74 నుంచి ఆరు ప్రింట్లు, అన్నీ పై ల్యాబు ప్రింటర్‌కు. 74 అంటే కింద ల్యాబులో 14వ సీటు. దాంతోపాటు 63, 68, 79, 85 నుంచి కూడా పైకే వెళ్ళాయి. కింద ప్రింటర్‌కు రోజంతా ఒక్కటి కూడా రాలేదు. ఆ కాగితం, బ్యాగులో దాచిన 18 కాగితాలు పట్టుకుని హెచ్.ఓ.డి. సారు గదికి వెళ్ళాను. ఇన్‌చార్జి సారు కూడా అక్కడే ఉన్నారు.

"సార్, నిన్నటి తప్పు ఆ అబ్బాయిది కాదు, నాది" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. కాళ్ళు వణికాయి. ఇన్‌చార్జి సారు కాగితాలు తిప్పి చూసి, "నిన్న నువ్వు అక్కడే ఉన్నవ్ కదా, ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "భయపడ్డాను సార్" అన్నాను. హెచ్.ఓ.డి. సారు నన్ను చూసి, "ముందు ఆ పిల్లవాని రిపోర్టు ఇప్పించండి" అన్నారు. తర్వాత నాతో, "30 సిస్టమ్‌లూ ఇవాళే సరిచెయ్. ప్రతి సిస్టమ్ నుంచి ఒక ప్రింటు తీసి నాకు చూపించు" అన్నారు. అంతే. పొగడలేదు, తిట్టలేదు.

464 రూపాయలు నేను కడతానన్నాను. నా దగ్గర ఉన్నవి 300. మిగతావి రూమ్‌మేట్ దగ్గర తీసుకుని ఆఫీసులో కట్టి రసీదు తెచ్చుకున్నాను. ఇన్‌చార్జి సారు ఆ తమ్ముడిని పిలిచి, క్షమించమని అనలేదు కానీ, ఐదు కాపీల్లో ఒకటి తనే వరుసగా సర్ది, పిన్ను కొట్టి, చేతికి ఇచ్చి, "పో, టైముకు ఇచ్చేయ్" అన్నారు. నిన్న నవ్విన పిల్లలు కూడా అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ముందు నేను "తప్పు నాది, ఇతను సరిగ్గానే నొక్కాడు" అని చెప్పాను. రిపోర్టు 4 గంటల లోపల చేరింది.

ఆ రోజు నేను చేసిన పనులు ఇవి. కింద ల్యాబులో 30 సిస్టమ్‌లకూ డిఫాల్ట్ ప్రింటర్ మార్చాను. డిఫాల్ట్ అనేది ఒక్కో లాగిన్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి అడ్మినిస్ట్రేటర్‌గా కాదు, విద్యార్థుల లాగిన్‌లోకి వెళ్ళి మార్చాను. విండోస్ 10లో డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకుంటుందనే ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే చివరగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయిపోతుంది. దాన్ని ఆఫ్ చేశాను. అన్నిటికంటే ముఖ్యంగా, కింద సిస్టమ్‌లలో పై ప్రింటర్‌ను, పై సిస్టమ్‌లలో కింద ప్రింటర్‌ను తీసేశాను. ఏ గదికి ఆ గది ప్రింటర్ ఒక్కటే కనిపిస్తే తప్పు నొక్కే వీలే ఉండదు. తప్పు చేసినవాణ్ణి తిట్టడం కంటే తప్పు జరిగే దారిని మూసేయడం మంచిదని నాకు అప్పుడు తెలిసింది. ప్రతి ప్రింటర్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించాను. "ప్రింటు ఒక్కసారే నొక్కండి. రెండు నిమిషాల్లో రాకపోతే మళ్ళీ నొక్కవద్దు, చెప్పండి. తప్పు మీది కాకపోవచ్చు." చివరి వాక్యం అవసరమా అని ఇన్‌చార్జి సారు అడిగారు. "అవసరమే సార్" అన్నాను. ఉండనిచ్చారు.

తర్వాత 30 సిస్టమ్‌ల నుంచి 30 టెస్ట్ ప్రింట్లు తీశాను. దానికి కొత్త కాగితం వాడలేదు. మిగిలిపోయిన నాలుగు కాపీల వెనకవైపు తెల్లగానే ఉంది కదా, వాటి మీదే తీశాను. మిగిలినవి కుట్టి రఫ్ పుస్తకాలు చేసి మన హాస్టల్‌కు తెచ్చాను. అప్పట్లో లెక్కలు చేసుకోవడానికి ఆ పుస్తకాలు వాడినవాళ్ళు ఇది చదువుతుంటే, అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

2025లో ఎం.సి.ఏ. పూర్తిచేసి వచ్చేసేటప్పుడు, నా తర్వాత చూసుకునే జూనియర్ల కోసం ఒక నోటు పుస్తకంలో అన్ని అడ్రసులు, పేర్లు, ఎక్కడ ఏం మార్చాలో తెలుగులో రాసి పెట్టి వచ్చాను. మొదటి పేజీలో నా తప్పు కూడా రాశాను. హెచ్.ఓ.డి. సారు సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో ఆయన ప్రింటర్ల సంగతి రాసి, దాని కింద "బాధ్యత తీసుకునే విద్యార్థి" అని ఒక మాట రాశారు. ఇంటికి వెళ్ళి నాయినకు చదివి వినిపించాను. ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, "ఇది గూడ నువ్వు పెట్టిన మిషన్ల నుంచే వచ్చిందా?" అని అడిగాడు. అవును, దాని నుంచే వచ్చింది.

తమ్ముళ్ళారా, ఇప్పుడిప్పుడే మనలో నుంచి ఇంజనీర్లు, టీచర్లు, ఆఫీసర్లు వస్తున్నారు. ఇన్నాళ్ళూ మనం క్యూలో నిలబడ్డాం. ఇక మీదట క్యూ ఎలా ఉండాలో నిర్ణయించే కుర్చీల్లో మనలో కొందరు కూర్చుంటారు. ఆ కుర్చీలో కూర్చున్న రోజున రెండు విషయాలు మరిచిపోవద్దని నా మనవి. ఒకటి, మీరు పెట్టిన మిషన్‌ను ఒక్కచోట పరీక్షించి అంతా సరే అనుకోకండి, చివరి సీటులో కూర్చునే పిల్లవాడి దగ్గరికి వెళ్ళి చూడండి. రెండు, మీ కాంటా తప్పినప్పుడు బస్తా మోసినవాణ్ణి నిలబెట్టకండి. ముందు మీరు లేచి నిలబడండి. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. నేను ఒక రోజు ఆలస్యం చేశాను. ఆ రాత్రి ఆ తమ్ముడు అన్నం తినకుండా పడుకున్నాడు. 464 రూపాయలు కట్టగలిగాను కానీ, ఆ ఒక్క పూట అన్నం నేను తిరిగి ఇవ్వలేను.

ఆ తమ్ముడు ఇప్పుడు పి.జి. ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకున్నాడు. అతని అనుమతితోనే ఇదంతా రాశాను. "పేరు రాయకన్నా, కానీ 14వ సీటు అని రాయి" అన్నాడు. రాశాను.

మన హాస్టల్ వార్షికోత్సవం దిగ్విజయంగా జరగాలని మనసారా కోరుకుంటూ,

మీ అన్న,
ఎం.సి.ఏ., పూర్వ విద్యార్థి